రెండిళ్ల తాడు

మొన్న అనంతపురంలో ఒక అంగడి ముందు వానకు తడిసిన కొబ్బరి పీచు తాళ్ల వాసన తగలగానే, మా ఊరి చేదబావి గిలక కిర్రుమన్నట్టయింది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, వరుసగా రెండేళ్లు వానలు లేక, చేలల్లో వేరుశనగ మొలకలోనే మాడి, బావిలో నీళ్లు అడుగుకు దిగాయి. మా కలబంద నార తాడు వాటికి అందేది కాదు. పక్కింటి ఖాసింబత్త వాళ్ల కొబ్బరి తాడు లావుదే గానీ పొట్టిది. అందుకని పొద్దున్నే రెంటినీ ముడివేసి, రెండిళ్లకూ చేదుకొని, మళ్లీ విప్పి ఎవరి తాడు వాళ్లు భుజాన వేసుకొని పోయేవాళ్లం. పగలంతా ఎనుమును కట్టేయాలన్నా, గడ్డిమోపు కట్టాలన్నా ఆ తాళ్లే.

ముడి నేర్పింది ఖాసింబత్తే. లావు తాడును చెవిలా మడిచి, సన్న తాడు కొసను అందులోంచి పైకి తీసి, మడత చుట్టూ తిప్పి, ఆ సన్న తాడు కిందికే దూర్చి లాగాలి. “బిగిస్తే పట్టుకోవల్ల, అడిగితే ఇడవల్ల. అంతే పాపా,” అనేది.

కూలి కోసం వాళ్లు గుత్తి వైపు బయలుదేరే రోజు అమ్మకు జ్వరమొచ్చి, ముడి నేనే వేశాను. ఉన్న ఒక్క బొక్కెన బావిలో పడుతుందేమోనని ఆ ముడి మీద ఇంకో రెండు ముళ్లు బిగించాను. బొక్కెన పడలేదు. గట్టు మీద నీళ్లలో నాని, బరువుకు బిగిసి, ముడి మాత్రం రాయి అయింది.

బండి మీద మంచం, మూటలు ఎక్కించి, వాటిని కట్టే తాడు కోసం ఖాసింబత్త మొగుడు ఎండలో నిలబడ్డాడు. “ఏమప్పా, తాడు తెమ్మంటే బావినే తెస్తాండారా?”

ఖాసింబత్త గోళ్లతో, తుమ్మముల్లుతో, చివరికి పళ్లతో ప్రయత్నించింది. నాయన కొడవలి తెచ్చాడు.

“మా పక్క కోస్తా చెల్లా, నీ తాడు నువ్వు తీసుకో.”

“కోస్తే నీళ్లకు యాడ అందుతాది అన్నా? మేము పోయినాక ఈ రెండూ కలిసుంటేనే మీకు నీళ్లు.” నావైపు తిరిగింది. “మూడు ముళ్లేసినావే పాపా, తాళ్లకు పెండ్లి చేసినావా?”

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆమె మూటలోంచి పాత చీర తీసి, పేలికలుగా చించి, పేని, మంచాన్ని బండికి కట్టింది. “మళ్లా వచ్చినప్పుడు అడుగుతాలే,” అని ఎక్కి కూర్చుంది.

ఆ కరువంతా ఆ తాడుతోనే నీళ్లు తాగాం. వానలు పడి బావి నిండాక నాయన ఎండిన ముడిని మేకుతో కుళ్లగించి విప్పి, కొబ్బరి తాడును వేరే కొయ్యకు తగిలించాడు. దానితో ఎనుమును కట్టనివ్వలేదు. అడగడానికి ఎవరూ రాలేదు.

ఇప్పుడు ఆ బావి పూడిపోయింది, పక్కన బోరు పైపు ఉంది. ఇంట్లో దండేనికి నైలాను తాళ్లు కలిపేటప్పుడు నా వేళ్లు ఇప్పటికీ ఆ ముడే వేస్తాయి. జారుతుందేమోనన్న భయం అప్పటిలాగే ఉంది. పైన ఇంకో ముడి మాత్రం వేయను.