పలక మీద చప్పట్లు

మా సేవా క్లబ్బులో నాకు రెండు పనులు. శిబిరాలు జరిగినప్పుడు పేర్లు రాసుకోవడం, నాటికలు వేసినప్పుడు పక్క తెర చాటు నుంచి మాటలు అందించడం. రెండూ నోరున్నవాళ్లు చేసే పనులని మా డైరెక్టరు సార్ అంటాడు. ఆయన హైస్కూల్లో లెక్కలు చెబుతాడు, మెచ్చుకున్నా తిట్టినట్టే ఉంటుంది. నేనేం తక్కువ తినలేదు, తిట్టినా మెచ్చుకున్నట్టే తీసుకుంటాను.

ఆ ఏడు మార్కాపురం హాల్లో రెండు కార్యక్రమాలూ ఒకే ఆదివారం పెట్టుకున్నాం. పొద్దున వినికిడి పరీక్షలు చేసి చెవి మిషన్లు ఇవ్వడం, సాయంత్రం ఆరింటికి మా నాటిక. ఆ నెలంతా నా కాళ్లు నేల మీద నిలవలేదు. కూర మాడుతుంటే కూడా డైలాగులే వల్లించుకునేదాన్ని. మాడిన కూర మా ఆయన నోరు మెదపకుండా తిన్నాడు పాపం.

బోరు నీళ్ల దగ్గర మాట పట్టింపు వచ్చి, ఏళ్ల తరబడి మాట్లాడుకోని అన్నాచెల్లెళ్ల కథ అది. చెల్లెలి వేషం గిద్దలూరు నుంచి బస్సులో వచ్చే నర్సమ్మది. అన్న వేషం మా పెద్దనాయనది. సొంత పెద్దనాయన కాదు, మా నాయనతో పాటు పలకల ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అదే పిలుపు. పగలంతా రాయి కోసే మిషను దగ్గర నిలబడి, సాయంత్రమైతే ముఖానికి రంగేసుకుని బతికాడు. ఫ్యాక్టరీ మూతపడ్డా రంగు మానలేదు.

రిహార్సళ్లలో నాకు అనుమానం వచ్చింది. ఎదుటివాళ్ల పెదాల వైపు చూస్తున్నంతసేపూ ఒక్క మాట తప్పడు. నేను పక్క నుంచి ఎంత అందించినా అందుకోడు. ఒకరోజు మేమిద్దరమే ఉన్నప్పుడు, వెనక నిలబడి "పెద్దనాయనా, నీ చొక్కా చినిగింది" అన్నాను. కదల్లేదు. అరిచినంత పని చేశాను. ఊహూఁ. అప్పుడు ఎదురుగా కూర్చుని నిలదీశాను.

టీ గ్లాసు కింద పెట్టేశాడు. "సారుకు చెప్పబాక పాపా. చెవుడని తెలిస్తే వేషం తీసేస్తాడు. ఇంగ నన్ను స్టేజీ ఎక్కనిచ్చేదెవరు?"

"ఊరూరోళ్లను పిలిచి మనమే మిషన్లు ఇస్తా ఉండాము గదా! నీకేమొచ్చింది? పేరు రాయించుకో."

"రాయించుకుంటే అందరికీ తెలుస్తాది" అన్నాడు. అంతే, మళ్లీ టీ గ్లాసు అందుకున్నాడు.

నాకు ఒళ్లు మండింది. జాలి కూడా వేసింది. అసలు గండం చివరి సీన్లో ఉంది. అన్న కోపంతో చెల్లెలికి వీపు చూపించి, నేనుండే తెర వైపు తిరిగి నిలబడతాడు. ఆమె వెనక నుంచి ఏడుస్తూ మాట్లాడుతుంది. మూడోసారి "అన్నా" అని పిలవగానే ఆయన గిర్రున తిరగాలి. పెదాలు కనబడకుండా ఎట్లా తిరుగుతాడు? అంచనా మీద తిరుగుతానన్నాడు. అంచనా రెండుసార్లు తప్పింది. "పెద్దాయనకు వయసైపోయినాది, వేరేవాళ్లను చూద్దామా?" అని సార్ నాతో గొణిగాడు.

ఆ మాట విని ఇంటికెళ్లి అటక ఎక్కాను. మా నాయన కాలం నాటి పలకల పెట్టె ఇంకా అక్కడే ఉంది. అన్నిట్లోకీ పెద్ద పలక తీసి దుమ్ము దులిపి, దాని మీద చాక్‌పీసుతో లావుగా "తిరుగు" అని రాశాను. మర్నాటి నుంచి మూడో పిలుపుకు నేను పలక ఎత్తడం, ఆయన తిరగడం. "చూసినావా నా ట్రైనింగు!" అని సార్ మురిసిపోయాడు. నవ్వు ఆపుకోలేక చచ్చాను.

ఆదివారం పొద్దున కొమరోలు, రాచర్ల వైపు నుంచి ఆటోలు నిండా జనం వచ్చారు. మేకలు కాసుకునే ఒక అవ్వ చెవిలో మిషను పెట్టగానే ఉలిక్కిపడి పైకి చూసింది. "ఏందబ్బా, ఈ ఫ్యాను ఇంత రొద చేస్తాదా!" హాలంతా నవ్వింది. మజ్జిగ గ్లాసులు అందిస్తున్న పెద్దనాయన మాత్రం ఆ అవ్వనే చూస్తూ నిలబడిపోయాడు. నేను లిస్టులో ఖాళీ గీత మీద పెన్ను పెట్టి చూపించాను. ముఖం తిప్పుకున్నాడు.

సాయంత్రం హాలు కిటకిటలాడింది. చివరి సీన్లో నర్సమ్మకు నిజంగానే ఏడుపొచ్చి, అర పేజీ దాటేసి ఒక్కసారిగా మూడో "అన్నా" అనేసింది. నా వేలింకా పై లైను మీదే ఉంది. గబుక్కున పలక ఎత్తాను, ఆయన తిరిగాడు. ఆ ఒక్క క్షణం ఆలస్యానికే సీను ఎంత పండిందో! హాలు చప్పట్లతో దద్దరిల్లిపోయింది.

పెద్దనాయనకు అది వినపడలేదు. కళ్లల్లోకి లైట్లు, ముందు చీకటి. "ఇంగ ఏడవబాక తల్లీ" అని తన డైలాగు చెప్పేశాడు. ఆ హోరులో ఎవరికి వినపడుతుంది? నర్సమ్మ చప్పట్లు తగ్గాలని ఆగింది. తనే ఏదో తప్పు చేశాననుకుని మళ్లీ అన్నాడు. నుదుటి మీద చెమట పట్టింది. నేను వెనక తెర చుట్టూ పరుగెత్తాను. చెప్పు ఒకటి ఎక్కడో ఊడిపోయింది. ఆయన ముఖం ఉన్న పక్కకు చేరి, కొంగుతో పలక తుడిచి రాసి ఎత్తాను.

"చప్పట్లు. ఆగు."

చదివాడు. ఆగాడు. కళ్ల నిండా నీళ్లు తిరిగాయి, రంగు మీదుగా కారాయి. జనం అదీ నటనే అనుకుని ఇంకా గట్టిగా కొట్టారు. తెర చాటున నేనూ ఏడ్చాను, సిగ్గేముంది.

తెర పడ్డాక సార్ నా దగ్గరికి వచ్చి చేతిలో పలక చూశాడు, పెద్దనాయనను చూశాడు. "ఎన్నాళ్ల నుంచి ఇట్ల?" అన్నాడు. నేను నోరు విప్పేలోపే పెద్దనాయన గట్టిగా, హాల్లో మిగిలినవాళ్లకు కూడా వినపడేట్టు అడిగేశాడు: "వచ్చే ఏడు వేషం ఇస్తావా ఇయ్యవా సార్? అది చెప్పు ముందు!"

ఆయనకు నోటితో చెప్పి లాభం లేదనుకుని, సార్ నా చేతిలోంచి పలకా చాక్‌పీసూ లాక్కుని, తుడవబోయాడు.

పెద్దనాయన చటుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "అది తుడవబాక సార్. ఎనక పక్క రాయి."

సార్ పలక తిప్పి రాశాడు: "వేషం నీదే. మిషను పెట్టుకో."

పెద్దనాయన రెండు పక్కలా ఒకటికి రెండుసార్లు చదువుకున్నాడు. తర్వాత పొద్దుటి లిస్టులో నేను చూపించిన ఖాళీ గీత మీద తన పేరు తనే రాసుకుని, ఆ పలక నాకివ్వకుండా చంకలో పెట్టుకుని ఇంటికి పోయాడు.