ఆరు నిమిషాల ఆలస్యం

బెల్జియం పల్లె దారుల్లో ఏడో నంబరు బస్సు నడిపే లుట్‌గార్ట్‌కు యాభై రెండేళ్లు. పొద్దున సగం కప్పు కాఫీ తాగి, మిగతాది సింకులో పారబోస్తుంది. కుడిచెయ్యి స్టీరింగు మీద, ఎడమచెయ్యి పొత్తికడుపు మీద ఉంటాయి. చివరి స్టాపులో బస్సు ఆగేది నాలుగు నిమిషాలు. అక్కడ మరుగుదొడ్డి లేదు. మగ డ్రైవర్లు పొదల చాటుకు వెళ్లి, జిప్పు లాక్కుంటూ తిరిగొస్తారు. ఆమె సీట్లోనే కూర్చుని అద్దం తుడుస్తుంది. రెండుసార్లు మూత్రంలో మంట పుట్టి మందులు మింగింది. దారిలో మరుగుదొడ్డికి ఆగేంత సమయం ఇమ్మని డిపో అధికారి వౌటర్‌ను ఒకసారి అడిగింది. "మగవాళ్లెవరూ అడగలేదే?" అన్నాడతను. "వాళ్లకి పొద చాలు కదండీ." వౌటర్ నవ్వేశాడు. "రూలు అందరికీ ఒకటే, లుట్‌గార్ట్ గారూ. మీ ఒక్కరి కోసం టైం టేబుల్ మార్చమంటారా?"

జూన్‌లో ఒక మంగళవారం ఇక ఆపుకోలేక, దారిలో బస్సు నిలిపి ఎదురుగా ఉన్న బేకరీలోకి పరుగెత్తింది. తిరిగొచ్చేసరికి ప్రయాణికులు గడియారాలు చూసుకుంటున్నారు. "బన్నులు వేడిగా ఉన్నాయా తల్లీ?" అన్నాడో ముసలాయన. అందరూ నవ్వారు. ఆమె తలుపులు మూసి బస్సు కదిలించింది. డ్యూటీ దిగాక సంజాయిషీ కాగితం చేతికిచ్చారు. ఆరు నిమిషాల ఆలస్యానికి కారణం ప్రమాదమా, ఇంజను లోపమా, రద్దీయా, వాతావరణమా, ఏదో ఒకదానికి టిక్కు పెట్టాలి. లుట్‌గార్ట్ కాసేపు కిటికీలోంచి చూసింది. ఎండ తేటగా కాస్తోంది. వాతావరణానికి టిక్కు పెట్టి, సంతకం చేసి ఇచ్చేసింది.