అన్‌టాంగిల్ పాఠానికి వచ్చిన పట్టు చిలప

మా కింది వాటాలో ఉండే బ్యాంకు ఉద్యోగి మొన్న సాయంత్రం మెట్ల మీద ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. పలకరించిన పాపానికి, "కొంచెం అన్‌వైండ్ అవుతాండా సార్" అన్నాడు. సేదతీరడమనే అర్థం తెలిసినా నాకు వెంటనే అనుమానం వచ్చింది. ఇతణ్ణి చుట్టినది ఏమిటి, ఎవరు చుట్టారు, ఆ సంగతి నాకెందుకు చెబుతున్నాడు? అనుమానం నాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. మా నాయన ఆకాశం నల్లబడి చినుకులు మొహాన పడుతున్నా సరే, నేల జానెడు లోతు తడిసేదాకా వేరుశనగ విత్తనాల మూట ముడి విప్పేవాడు కాదు. మబ్బును నమ్మి మునిగినవాళ్లే ఎక్కువైన ఊరు కాబట్టి ఆయన్ను ఎవరూ తప్పు పట్టలేదు. ఆ స్వభావాన్నే వెంటబెట్టుకుని నేను ఇంగ్లీషు పంతులునయ్యాను.

నా తొలి ఉద్యోగం బత్తలపల్లె దాపున ఒక హైస్కూల్లో. మన భాషలో తలపాగా అయినా, మూట అయినా, జడ అయినా విప్పితే సరిపోతుంది గాని ఇంగ్లీషువాడికి ఒక్క మాట చాలదు. ముడి విప్పితే అన్‌టై, చుట్టిన చాప పరిస్తే అన్‌రోల్, గిలకకు చుట్టిన తాడు వదిలితే అన్‌వైండ్, చిక్కుపడ్డ జుట్టు సరిచేస్తే అన్‌టాంగిల్, స్వెటరు పోగు లాగి అల్లిక ఊడదీస్తే అన్‌రావెల్. ఆ ఎండల్లో స్వెటరంటే ఏమిటో పిల్లలకు తెలియదు కనుక గోనెసంచి అంచు లాగి చూపించాను. అన్నీ విప్పడమే కదా, ఇన్ని మాటలెందుకని వెనక బెంచీవాడొకడు అడిగితే, నన్ను ఆటపట్టిస్తున్నాడనుకుని వాణ్ణి గంటసేపు నిలబెట్టాను. మర్నాడు అందరూ ఇంటి నుంచి తాడో దారమో ఏదో ఒకటి తెమ్మన్నాను.

ఒక పిల్ల కాగితంలో చుట్టి పట్టు చిలప, అంటే పట్టు దారపు చుట్ట, తెచ్చింది. ధర్మవరం షావుకార్లు చిలపలు తూచి చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లకు ఇస్తే, వాళ్లు రాట్నం మీద కండెలకు చుట్టి అదే తూకానికి అప్పజెప్పాలి. ఆ పిల్ల తల్లి బతుకంతా ఆ పనే. తల్లికి చెప్పి తెచ్చావా అని అడగవలసినవాణ్ణి, అన్నిటినీ అనుమానించేవాణ్ణి, ఆ ఒక్కటీ అడగలేదు. చిక్కు తీయడం నేర్పాలంటే ముందు చిక్కు ఉండాలి గదా అని, ఆ చిలపను రెండు చేతులా నలిపి ముందు బెంచీకి ఇచ్చాను. తలా ఒక పక్క లాగారు. కొన్ని పోగులు నా గడియారం పట్టీకి పట్టుకుంటే పళ్లతో కొరికి కిటికీలోంచి పారేశాను.

మూడో నాడు తల్లి బడికి వచ్చింది. పోగులు తెగి, తూకం తగ్గేసరికి పట్టు దొంగిలించావని షావుకారు పని ఆపేశాడట. బడిలో జరిగిందని చెప్పినా నమ్మలేదట. ఆ చిలప చిక్కు తీసి తెచ్చినా తేకపోయినా మళ్లీ పట్టు ఇవ్వనన్నాడట. ఒక్క మాట వచ్చి చెప్పమని ఆవిడ వేడుకుంది. ఈవిడే నిజంగా దాచిందేమో, నన్ను అడ్డం పెట్టుకుంటోందేమో అనిపించింది నాకు. కొరికి పారేసిన పోగులు గుర్తున్నాయి. గుర్తు లేనట్టే నిలబడి, ఆ రోజు ఎవరేం తెచ్చారో ఎవరికి తెలుసన్నాను.

ఆవిడ వరండాలో కూర్చుని వెంట తెచ్చిన చిలపను కాలి బొటనవేలికి తగిలించుకుని చిక్కు తీయడం మొదలుపెట్టింది. ఒక్కసారి కూడా గట్టిగా లాగలేదు. విదిలిస్తుంది, వదులు చేస్తుంది, కొసను వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది. నేను లోపల పాఠం చెబుతూనే, పోగులేమైనా నడుములో దోపుకుంటోందా అని కిటికీలోంచి కనిపెట్టుకుని ఉన్నాను. ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది. చివరి గంట కొట్టాక తెగిన కొసలు అరచేతిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది.

"ఇది కత్తెరతో తెగింది కాదు సార్, పండ్లతో కొరికింది. పెండ్లి చీరల పట్టు ఇది. మేము దీనికి ఎంగిలి తగలనియ్యం."

ఆ పూటే ఆవిడతో ధర్మవరం బస్సెక్కాను. షావుకారు నాకు కుర్చీ వేయించి టీ తెప్పించాడు. తరగతిలో పోగులు తెగాయని నేనింకా పూర్తిగా చెప్పకముందే, "మీరంతటోళ్లు వచ్చి చెప్పినాక ఇంకేముండాది సార్" అని కొత్త చిలపలు తూయించాడు. రెండు రోజులుగా ఆవిడ చెప్పిన మాటే అది. గడప అవతలే నిలబడి ఉంది. కొరికింది నేనేనని అక్కడ కూడా నా నోట రాలేదు, ఆయన అడగనూ లేదు.

ఇప్పుడు కండెలు మోటార్ల మీద తిరుగుతున్నాయి. చిక్కుపడితే కత్తిరించి అవతల పారేస్తున్నారని విన్నాను, అంత ఓపికగా కూర్చునే తీరిక ఎవరికుంది? అన్‌వైండ్ మాత్రం మెట్ల మీదికి కూడా వచ్చేసింది. ఆ తల్లి పని నిలబడింది, ఆ పిల్ల చదువూ సాగింది. కానీ ఆ తర్వాత పాఠం కోసం నేనేది తెమ్మన్నా, అది వేపాకైనా సరే, ఇంట్లో లేదు సార్ అని లేచి నిలబడేది. వాళ్ల వాకిట్లో వేపచెట్టు ఉందని నాకు తెలుసు. అయినా సరేనమ్మా, కూర్చో అనేవాణ్ణి.