మా మామ మళ్ళీ కార్ఖానాకు పోయిన చలికాలం

దీపావళి సెలవులని నిన్న సాయంత్రం మా ఇంటి వెనక కార్ఖానా మూసేశారు. దీపావళి తర్వాత ఐదో నాడు వచ్చే లాభ్ పాంచమ్ దాకా ఇక సాంచెలు నడవవు. మరమగ్గాలను మావాళ్ళు సాంచెలనే అంటారు. ఏడాది పొడుగునా గోడలు అదిరేటట్టు మోగే చోట, ఈ పొద్దున పక్క సందులోని కుక్కర్ కూత వినబడింది, పావురాలు వినబడ్డాయి, నా చెవుల్లో గుయ్యిమనే రొద కూడా నాకే వినబడింది. టీ గిన్నె పొయ్యి మీద పెట్టి అలా నిలబడితే మా మామ గుర్తొచ్చాడు. మామ అంటే మా ఆయన తండ్రి. సిరిసిల్ల నుంచి పడుచువయసులో సూరత్ వచ్చి, బతుకంతా సాంచెల మధ్య నిలబడి చెవులు పోగొట్టుకున్న మనిషి. చెవులు పోయినా, కరెంటు పోయి కార్ఖానా ఆగితే మాత్రం నిద్రలోంచి లేచి కూర్చునేవాడు. ఎట్లా తెలిసిందని అడిగితే మంచం చెప్పిందనేవాడు. మా ఆయన పక్కన పిడుగు పడ్డా లేవడు. ఆ విద్య కొడుక్కి అబ్బలేదు.

ఆయన పని మానేసి ఇంటిపట్టున ఉంటున్న రోజుల్లో నా ఉద్యోగం పోయింది. రింగ్ రోడ్డు మార్కెట్లో ఒక చీరల దుకాణంలో కంప్యూటర్ మీద బిల్లులు కొట్టేదాన్ని. సేటు మంచివాడే. కొడుకులు వేరే ధంధాలో పడ్డారని దుకాణం ఎత్తేస్తూ, తలా ఒక మిఠాయి డబ్బా, ఒక చీర చేతిలో పెట్టి, వెళ్ళిరమ్మని గుజరాతీలో "ఆవ్‌జో" అన్నాడు. ఆ చీర ఎవరూ కొనక ఏళ్ళ తరబడి ర్యాకులో పడుకున్నదని బిల్లులు కొట్టిన నాకు తెలియదా! పోనీలెండి. మా ఆయనది పాండేసరాలో అద్దకం మిల్లు పని. ఒక్కడి జీతం మీద ఇల్లు, పిల్ల చదువు నడవడం కష్టమే, కానీ నా దిగులు వేరే. దుకాణం మూశారని తెలిసిన మర్నాడే మామ, కొక్కేనికి తగిలించిన తన పాత పని చొక్కా దించి గుమ్మంలో దులుపుతూ కనబడ్డాడు. ఛాతీ నిండా కార్ఖానా దుమ్మే ఉంది, మళ్ళీ ఆ గడప తొక్కితే మనిషి దక్కడు అని డాక్టరు చెప్పి ఏడాదైనా కాలేదు. ఆ చొక్కా చూడగానే, నాకు వేరే పని దొరికింది మామా, ఇంట్లోనే కూర్చుని చేసే పని, అనేశాను.

దొరకలేదు. ముందు నోరు జారి, తర్వాత వెతకడం మొదలుపెట్టాను. చీరలు అమ్మే వెబ్‌సైటు ఒకదానికి, ఒక్కో చీర గురించి తెలుగులో నాలుగు వాక్యాలు రాసేవాళ్ళు కావాలని ఫోన్లో కనబడింది. ఇక్కడి మునిసిపాలిటీ తెలుగు బడిలో చదివినదాన్ని, చీరల మధ్య పెరిగినదాన్ని, ఇంకేం కావాలి అనుకున్నాను. నమూనాకి ఇచ్చిన చీర గురించి రంగు, అంచు, కొంగు ముచ్చటగా వర్ణించి, చివర మా దుకాణం బిల్లు మీద రోజూ కొట్టిన అలవాటుకొద్దీ ఇంకో ముక్క చేర్చాను: రంగుకు గ్యారంటీ లేదు, తీసుకున్న మాల్ వాపసు లేదు. హైదరాబాదులో ఈ పని చూసే అమ్మాయి ఫోన్ చేసి ఆ చివరి ముక్క నాకే చదివి వినిపించింది. నవ్వు ఆపుకుంటోందని నాకు తెలియదు. "చీర అమ్మాలండీ, కొనేవాళ్ళని బెదిరించకూడదు," అంది చివరికి. పని కూడా ఇచ్చింది, దాని కడుపు చల్లగుండ.

పొద్దున అందరూ వెళ్ళిపోయాక ఇంట్లో నేను, మామ, ఒక పాత ల్యాప్‌టాప్ మిగిలేవాళ్ళం. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు గానీ మా ఇంట్లో మాట పెదవి దాటేదే కాదు. సాంచెల మోతలో గొంతు చించుకున్నా వినబడదు కాబట్టి కార్ఖానావాళ్ళు చప్పుడు లేకుండా పెదవులు కదిపి మాట్లాడుకుంటారు. మామ ఇంట్లోనూ అంతే. ఆయనతో ఉండి ఉండి నాకూ అదే వచ్చింది. పొద్దంతా ఇద్దరం నోళ్ళు ఆడించుకుంటుంటే కిటికీలోంచి చూసి మేం మాసి అని పిలిచే పక్కింటి గుజరాతీ ఆవిడ, కోడలికీ మామకూ మాటలు లేవని తీర్మానించుకుని, ఒకరోజు ఢోక్లా పట్టుకొచ్చి మరీ నన్ను ఓదార్చింది. ఢోక్లా తిన్నాక నిజం చెప్పాను.

మామకు నా పని మీద మొదట నమ్మకం కుదరలేదు. రాసేటప్పుడు మాట తోచక చేతులు ఆపి గోడకేసి చూస్తాను కదా, ఆయన చటుక్కున లేచి దగ్గరికొచ్చి, "పోగు తెగిందా బిడ్డా?" అనేవాడు. సాంచె ఆగిందంటే ఎక్కడో పోగు తెగినట్టే, ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి ముడి వేయాలి. ఆయనకు తెలిసిన లోకం అది. లేదు మామా, ఆలోచిస్తున్నా అంటే, ఆలోచించడానికి చేతులెందుకు ఆపాలో ఆయనకు అర్థమయ్యేది కాదు. అట్లాగే ఎదురుగా కూర్చుని నా వేళ్ళు మళ్ళీ కదిలేదాకా చూసేవాడు. మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత తర్వాత ఆయన ఎదురుగా లేకపోతేనే రాయబుద్ధి అయ్యేది కాదు.

ఒక మధ్యాహ్నం అన్నం తింటూ, నువ్వు రాసేది ఎవరు చదువుతారని అడిగాడు. తెలియదన్నాను. పేరైనా వేస్తారా అన్నాడు. వెయ్యరన్నాను, చెబుతుంటే నాకే చిన్నతనంగా అనిపించింది. ఆయన ముద్ద కలుపుతూ నెమ్మదిగా పెదవులు కదిపాడు. "నేను నేసిన చీర ఎవరు కట్టుకున్నరో నాకు మాత్రం ఎర్కనా? ఎవలో కట్టుకున్నరు. గంతే." ఆ సాయంత్రమే తన పని చొక్కా చించి, కిటికీ అద్దాలు తుడుచుకోమని నా చేతికిచ్చాడు. నా పనిని పని అని ఒప్పుకున్నాడన్నమాట. పిచ్చిదానిలా నవ్వుతూ ఇంట్లో ఉన్న అద్దాలన్నీ తుడిచాను.

ఆ సంబరం చలికాలం దాకానే. ఇకమీదట ఆ వాక్యాలు మెషీనే రాస్తుందని హైదరాబాదు అమ్మాయి కబురు పెట్టింది. క్షమించమంది, పాపం, తన ఉద్యోగం కూడా ఉంటుందో ఊడుతుందో అంది. మామ నా ముఖం చూసి ఏమైందన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తల ఊపి, టీ తాగి పడుకున్నాడు. మర్నాడు నేను కూరగాయలు తెచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది.

ఎక్కడికి పోయాడో వెతుక్కోవాల్సిన పనేముంది! చెప్పులు సరిగా వేసుకోకుండానే వెనక కార్ఖానాకు పరుగెత్తాను. లోపల ఆ మోతకు చెవులు మూసుకుని అటూ ఇటూ చూశాను. అటు చివర, మంచి చొక్కా వేసుకుని, దారం కండెలు చుట్టే మిషన్ ముందు కూర్చుని ఉన్నాడు మామ. పెళ్ళిళ్ళకు వేసుకునే చొక్కా అది. పని చొక్కా నేనే గుడ్డపేలికలు చేశానుగా. మా ఇద్దరి మధ్యా వరసగా సాంచెలు, దగ్గరికి పోయే దారి లేదు. ఉన్నచోటనే నిలబడి, ఇంటికి పోదాం పా మామా, డాక్టరు ఏం చెప్పిండు, అని పెదవులు కదిపాను. ఆయనకు ప్రతి అక్షరం అందింది. చెయ్యి పనిలోనే ఉంచి, నా వైపు చూసి అన్నాడు.

"నువ్వు పోయి రాస్కో బిడ్డా. గిక్కడ నేనున్న గద."

అంత మోతలో ఆ మాట నాకు ఎంత స్పష్టంగా అందిందో చెప్పలేను. ఇంటికొచ్చి ఏడ్చాను. రాశాను కూడా. అక్కడా ఇక్కడా అడిగినవాళ్ళకల్లా నమూనాలు రాసి పంపాను. మా ఆయన బతిమాలాడు, కోప్పడ్డాడు, తండ్రి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. కోడలికి పని దొరకనీ, మానేస్తానని మామ ఒకటే మాట. ఎండలు ముదిరేసరికి దగ్గుతో నాలుగడుగులు వేయలేక మంచాన పడ్డాడు. ఆసుపత్రిలో ముక్కుకు గొట్టం పెట్టిన తర్వాత కూడా, పని దొరికిందా అని పెదవులతో అడిగాడు. దొరికిందని అబద్ధం చెబుదామనుకున్నాను, కానీ పెదవులు చదివే మనిషికి ముఖం చదవడం ఎంతసేపు! ఇంకా లేదు మామా అన్నాను. నా వేళ్ళ మీద చెయ్యి వేసి, "దొరుకుతది తియ్యి," అన్నాడు. ఆ తెల్లవారే పోయాడు.

పని దొరికింది. పిల్లల పాఠాలు తెలుగులో రాసే పని, ఇప్పటికీ అదే చేస్తున్నాను. మామ పెద్దకర్మ నాడు, వాకిట్లో చుట్టాలు చేతులు కడుక్కుంటుంటే ఆ కబురు ఫోన్లో వచ్చింది. చదివి, ఎవరికీ చెప్పకుండా, విస్తర్లు వేయడానికి లేచాను. కాలం నాకు రావలసినదేదీ ఎగ్గొట్టలేదు. కాకపోతే వరస తప్పి ఇచ్చింది, అంతే.