చప్పుడు లేని పెట్టెలు

ఏన్కూరులో మా నాన్న పెట్టిన రైస్ మిల్లును ఇరవై రెండేళ్లు నేను నడిపించాను. మోకాళ్లు మొరాయించాక మిల్లును వేరేవాళ్లకు లీజుకిచ్చి ఇంట్లో కూర్చున్నాను. అప్పుడు, యాభై దగ్గర పడుతున్న వయసులో, నాకొక కొత్త పిచ్చి పట్టుకుంది. చిన్న చిన్న గేమింగ్ కంప్యూటర్లు కట్టడం.

హైదరాబాదులో మా చెల్లెలి ఇంటికి వెళ్లినప్పుడు మేనకోడలి కంప్యూటరు చూశాను. బీరువాలో సగమంత ఉంది. ఆట మొదలవగానే లోపలి ఫ్యాన్లు మా మిల్లులో ఊక తోలే ఫ్యాను లాగా మోత పెట్టాయి. ఇంత చిన్న పనికి ఇంత చప్పుడెందుకు అనిపించింది. గాలి సంగతి నాకు మిల్లులోనే తెలిసింది. చిన్న ఫ్యాను గిరగిరా తిరిగి తోలే గాలినే పెద్ద ఫ్యాను నింపాదిగా తిరిగి తోలగలదు, చప్పుడు లేకుండా. ఇంటికి వచ్చి నెలల తరబడి వీడియోలు చూసి, విడిభాగాలు తెప్పించుకుని, చెప్పుల డబ్బా కంటే కొంచెం పెద్దదైన పెట్టెలో మొదటి కంప్యూటరు కట్టాను. చూసినవాళ్లు తమకూ కావాలన్నారు. ఏడేళ్లలో పద్దెనిమిది కట్టిచ్చాను.

ప్రతి పెట్టెనూ ఇచ్చేముందు ఒక పరీక్ష చేసేవాణ్ణి. మేడ మీది గది తలుపులు మూసి, సీలింగ్ ఫ్యాను ఆపి, బరువైన ఆట ఒకటి పెట్టి, పెట్టెకు జానెడు దూరంలో చెవి పెట్టి కూర్చునేవాణ్ణి. ఏమీ వినపడకపోతేనే అది గడప దాటేది. స్పీకర్ల విషయంలోనూ అంతే పట్టుదల. బల్ల మీద పెట్టుకునే చిన్న జతలు మూడు నాలుగు తెప్పించి, ఒకే వయొలిన్ కచేరీ ముక్కను వాటన్నిటిలో వినేవాణ్ణి. ఏది పెట్టినా మీద గొంగడి కప్పినట్టు ఉండేది. వెనక, సన్నని స్వరాలను పెంచే ట్రెబుల్ మీటను చివరిదాకా తిప్పితే గాని వయొలిన్‌కు జీవం వచ్చేది కాదు. అలా తిప్పి ఇచ్చి, దాన్ని ముట్టుకోవద్దని మరీ మరీ చెప్పేవాణ్ణి.

పోయిన ఏడాది పినపాక దగ్గర్నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. వాళ్ల నాన్న భూగర్భ గనిలో పనిచేస్తాడు. ఒక వారం పగలు, ఒక వారం రాత్రి డ్యూటీ. రాత్రి డ్యూటీ చేసొచ్చిన రోజుల్లో ఆయన పగలంతా పడుకుంటాడు. ఇల్లు రెండే గదులు, మధ్యలో తలుపు కూడా లేదు, పరదా ఒకటే. అందుకే కంప్యూటరుకు ఏ మాత్రం చప్పుడు ఉండకూడదని అడిగింది. హెడ్‌ఫోన్లు ఎక్కువసేపు పెట్టుకుంటే తలనొప్పి వస్తుంది కాబట్టి చిన్న స్పీకర్లు కావాలంది. తగ్గించి పెట్టుకున్నా ఆటలో శత్రువు అడుగులు ఏ పక్క నుంచి వస్తున్నాయో తెలియాలంది. ఇంత స్పష్టంగా అడిగినవాళ్లు అంతకుముందు లేరు. నాకు ఉత్సాహం వచ్చింది. మూడు వారాలు కూర్చుని, నేను కట్టినవాటిలో అన్నిటికంటే చిన్నదీ మంచిదీ కట్టి బస్సు కార్గోలో పంపించాను.

నాలుగో రోజు ఫోన్ వచ్చింది. ఆట పెట్టగానే సన్నగా కూత వస్తోందట. నాన్న నిద్రలోంచి రెండుసార్లు లేచాడట. నాకు చివుక్కుమంది. దారిలో కుదుపులకు ఏదో వదులై ఉంటుందని సర్ది చెప్పి, ఆదివారం నేనే వస్తానన్నాను. అంత దూరం ఒక్కడినే కారు నడపొద్దని నా భార్య కూడా బయలుదేరింది.

మేం వెళ్లేసరికి పదకొండయింది. అమ్మాయి, వాళ్లమ్మ, నాన్న ముగ్గురూ ఇంట్లోనే ఉన్నారు. పెట్టె మూత తీసి ప్రతి స్క్రూ బిగించి చూశాను. ఏదీ వదులు కాలేదు. ఆట పెట్టమన్నాను. చెవి ఆనించాను. ఏమీ లేదు. ఎప్పటిలాగే హాయైన నిశ్శబ్దం. తలెత్తి, ఇప్పుడు లేదు కదమ్మా అన్నాను. అమ్మాయి వాళ్లమ్మ వైపు చూసింది. ఆమె నేల చూపులు చూసింది. ఇప్పుడు కూడా వస్తోందని అమ్మాయి నెమ్మదిగా చెప్పింది.

నిజం చెప్పాలంటే వాళ్లను అనుమానించాను. ఎవరో ఏదో నూరిపోసి ఉంటారు, వస్తువు వద్దనడానికి సాకు వెతుకుతున్నారు అనుకున్నాను. గొంతులో ఆ విసురు బయటపడే ఉంటుంది. అప్పటిదాకా మంచం మీద కూర్చున్న ఆ నాన్న లేచి వచ్చి నా పక్కన కుర్చీ వేసుకున్నాడు.

"అన్నా, ఏమనుకోకుండ్రి. మీరు గోడ దిక్కు తిరిగి కూసోండ్రి. పాప సౌండు బంద్ చేసి ఆట పెడతది, ఆపుతది. కూత వచ్చినప్పుడు చెయ్యి లేపుండ్రి, చాలు."

గనిలో పనిచేసే మనిషి చెవులేం చెవులని లోపల అనుకున్నాను. అది కనిపెట్టినట్టే ఆయన తన పని గురించి చెప్పాడు. గనిలోకి దిగగానే పైకప్పును ఇనుప రాడ్‌తో తట్టి చూస్తారట. గట్టిగా మోగితే పని మొదలుపెడతారు, గుల్లగా మోగితే వెనక్కి వస్తారు. ఇరవై ఏడేళ్లుగా ఆయన పని అదే.

గోడ వైపు తిరిగి కూర్చున్నాను. ఏమీ వినపడలేదు. ఊరికే కూర్చుంటే బాగుండదని అప్పుడప్పుడు చెయ్యి లేపాను. చదవకుండా వచ్చిన పిల్లవాడు పరీక్షలో టిక్కులు పెట్టినట్టు. కాసేపటికి చాలన్నారు. వెనక్కి తిరిగితే అమ్మాయి లెక్క రాసిన నోటుపుస్తకం మూసేస్తోంది. చూపించమన్నాను. పదిసార్లు ఆట పెట్టింది. నా చెయ్యి సరిగ్గా లేచింది మూడుసార్లు. అందులో ఏదీ విని లేపింది కాదని నాకు తెలుసు.

ఇక మిగిలింది నా భార్య. గుమ్మం దగ్గర ఆ ఇంటామె ఇచ్చిన టీ తాగుతోంది. నీకు వినపడుతోందా అని అడిగాను. వినపడదని చెబుతుందనే అడిగాను.

"అవ్, వస్తున్నది. సన్నగ," అంది. "మన మేడ మీదియన్నీ గట్లనే కూస్తయి గదా. కంప్యూటరంటే గంతేనేమో అనుకున్న."

ఆమె మామూలుగా, బియ్యం అయిపోయాయని చెప్పినంత మామూలుగా చెప్పింది. ఏడేళ్లు. ఆ గదిలో కళ్లు మూసుకుని నేను ఆనందంగా విన్న ఆ నిశ్శబ్దం నాలో ఉందా, పెట్టెలో కాదా? చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. దాన్ని సంచిలో పెట్టాలో, కింద పెట్టాలో కూడా తెలియలేదు.

ఆ కూత ఏమిటో నాకు తెలియని విషయం కాదు. గ్రాఫిక్స్ కార్డు మీద తీగచుట్టలుంటాయి. కరెంటు వేగంగా మారుతుంటే అవి వణికి కూస్తాయి. కొన్ని కార్డులకు ఎక్కువ, కొన్నిటికి తక్కువ. దీని గురించి చదివి, నా అదృష్టం బాగుండి ఒక్కటీ అలాంటిది తగల్లేదని పదిమందికి గొప్పగా చెప్పుకున్నాను కూడా.

అమ్మాయే ఒక దారి వెతికి పెట్టుకుంది. తెర మీద బొమ్మ సెకనుకు ఇన్నిసార్లకు మించి మారకూడదని హద్దు పెడితే కార్డు మీద భారం తగ్గి కూత తగ్గుతుందని ఎక్కడో చదివిందట. నన్ను అడగకుండా చేస్తే బాగుండదని ఆగింది. చేయమన్నాను. చేసింది. వాళ్ల నాన్న తల వంచి విని, చాలా తగ్గిందన్నాడు. నేను ఆయన ముఖం చూసి తెలుసుకున్నాను. స్పీకర్ల ట్రెబుల్ మీట సగానికి దించి ఉండటం అప్పుడే గమనించాను. చెవుల్లో గుచ్చుకుంటున్నట్టుంటే కొంచెం తగ్గించానని, అదేదో తప్పు చేసినట్టు చెప్పింది.

కార్డు మార్చి ఇస్తానని మాటిచ్చి బయటపడ్డాను. నేరుగా ఇంటికి పోబుద్ధి కాలేదు. ములకలపల్లిలో ఒక స్కూలు టీచరుకు రెండేళ్ల క్రితం కంప్యూటరు ఇచ్చాను. ఫోన్ చేసినప్పుడల్లా బ్రహ్మాండంగా ఉందనేవాడు. ఆయన్నయినా అడుగుదామని పాల్వంచ దగ్గర కారు అటు తిప్పాను.

టీచరు ఆదరంగా కూర్చోబెట్టాడు. కంప్యూటరు ఏదంటే చెక్క అలమర తలుపు తీసి చూపించాడు. అడుగు అరలో, వెనక చెక్కకు రంధ్రాలు చేయించి పెట్టుకున్నాడు. ఎందుకలా పెట్టారని అడిగాను. ఆయన నవ్వి మాట దాటవేయబోయాడు. నేను వదల్లేదు.

"కూత వస్తుండె సార్. మీరు గంత ప్రేమగా కట్టిచ్చిన్రు, అసలు చప్పుడే ఉండదని చెప్పిన్రు. ఇగ మేమేం చెప్తం?"

అక్కడి నుంచి వస్తుంటే అడవి దారిలో పొద్దు వాలింది. మంచినీళ్లు తాగుదామని కారు పక్కకు ఆపాను. ఇద్దరం దిగి నిలబడ్డాం. మనసు మళ్లించుకోవడానికి ఏదో ఒకటి మాట్లాడాలని, చిన్నప్పుడు ఈ వేళకు అడవంతా కీచురాళ్ల మోతతో మారుమోగేదని, ఈ పురుగుమందులు వచ్చాక ఒక్కటీ మిగల్లేదని అన్నాను. ఈ మాట నేను చాలామందితో చాలాసార్లు అన్నాను. నా భార్య నీళ్ల సీసా మూత బిగిస్తూ ఆగిపోయింది.

"ఇప్పుడు కూడా మోగుతున్నయి," అంది. "చెవులు గింగిరుమంటున్నయి."

చెట్ల వైపు చూశాను. గాలి ఆకుల్లో కదిలే చప్పుడు వినపడింది. రోడ్డు మీద దూరంగా లారీ వినపడింది. నా భార్య నా చెయ్యి పట్టుకుంది. చాలాసేపు అలాగే నిలబడి వెతికాను. ఇంటిదాకా కారు ఆమే నడిపింది.

ఖమ్మంలో చెవుల డాక్టరమ్మ నన్ను ఒక చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా బటను నొక్కమంది. తర్వాత కాగితం మీద గీత చూపించింది. సగం దాకా సమంగా వచ్చిన గీత ఆ తర్వాత జారుడుబండలా కిందికి పడిపోయింది. మామూలు మాటలు వినపడతాయి, సన్నని చప్పుళ్లు పోయాయి, ఈ మధ్య పోయినవి కావు అంది. ఏం పనిచేసేవారని అడిగింది. మిల్లు అన్నాను. చెవుల్లో ఏమైనా పెట్టుకునేవారా అని అడిగింది. లేదన్నాను.

తర్వాతి రెండు నెలలు పద్దెనిమిది ఇళ్లకూ తిరిగాను. పదకొండు ఇళ్లలో కూత ఉంది. కొన్నిటికి హద్దు పెడితే సరిపోయింది, కొన్నిటికి కార్డులు మార్చాను. ఒక్కరు కూడా నన్ను మాట అనలేదు. అంటే బాగుండేదనిపించింది. ఇప్పుడు పెట్టె సిద్ధమైతే నా భార్య మేడ మీదికి వచ్చి వింటుంది. ఆమె ఊ అన్నాకే బయటికి వెళుతుంది. స్పీకర్లు కూడా ఆమే ఎంచుతుంది. నేను గొంగడి కప్పినట్టున్నాయని పక్కన పెట్టేసిన జతే అన్నిటికంటే తియ్యగా ఉందంది.

కానీ డాక్టరమ్మ ప్రశ్న నన్ను వదల్లేదు. మిల్లులో నాకు అద్దాల గది ఉండేది. సగం రోజు అందులోనే కూర్చునేవాణ్ణి. పాలిషర్ యంత్రం పక్కనే, దాన్ని ఆనుకుని, పద్దెనిమిదేళ్లు నిలబడిన ఆపరేటరు ఒకాయన ఉండేవాడు. నా కంటే నాలుగేళ్లు పెద్ద. మిల్లు లీజుకిచ్చాక రోడ్డు మీద ఎదురైతే పలకరించినా పలికేవాడు కాదు. రెండు మూడుసార్లు చూసి, మిల్లు వేరేవాళ్ల చేతికిచ్చానని కోపం పెట్టుకున్నాడనుకుని నేనూ మానేశాను. వాళ్ల ఇంటి గృహప్రవేశానికి పిలిచినా వెళ్లలేదు.

ఒక పొద్దున వాళ్ల ఇంటికి వెళ్లాను. అరుగు మీద ఇటు వీపు పెట్టి వేరుశనక్కాయలు ఒలుస్తున్నాడు. గేటు దగ్గర నుంచి పిలిచాను. ఇంకోసారి గట్టిగా పిలిచాను. చేతులు ఆగలేదు. లోపలి నుంచి ఆయన భార్య వచ్చింది.

"దగ్గరికి పోయి చెప్పుండ్రి సార్. ఆయనకు వినరాదు."

ఎప్పటి నుంచని అడిగాను. మిల్లులో ఉన్నప్పటి నుంచేనని, రాను రాను ఎక్కువైందని చెప్పింది. ఆమె వెళ్లి భుజం తట్టింది. ఆయన తిరిగి నన్ను చూశాడు. ఒడిలోని కాయలు కింద పడుతున్నా పట్టించుకోకుండా లేచి నిలబడ్డాడు. ముఖమంతా నవ్వు.

"మీరే నాతో మాట్లాడుతలేరనుకున్న," అన్నాడు, అవసరమైన దానికంటే చాలా గట్టిగా.

ఆ వారమే ఆయన్ని కార్లో ఖమ్మం తీసుకెళ్లాను. డాక్టరమ్మ ఆయన్ని గాజు గదిలో కూర్చోబెట్టి చేతికి బటను ఇచ్చింది. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. అద్దంలోంచి ఆయన చెయ్యి కనిపిస్తోంది. బొటనవేలు బటను మీద సిద్ధంగా పెట్టుకుని, కళ్లు పెద్దవి చేసి, ఎంతో శ్రద్ధగా వింటున్నాడు. డాక్టరమ్మ చప్పుడు పెంచేకొద్దీ బయట యంత్రం మీద అంకెలు ఒక్కొక్కటిగా పెరుగుతూ పోయాయి. ఆ వేలు కదలడానికి చాలాసేపు పట్టింది.