దసరా నాడు అనంతగిరి ఖాళీగా ఉంటుందని

శనివారం పొద్దున మా ఇంటి ముందు నిలబడితే చాలు, హైదరాబాదులో ఎంతమందికి ప్రశాంతత కావాల్సి వచ్చిందో తెలిసిపోతుంది. మొయినాబాద్ దాటి చేవెళ్ళకు, అక్కడి నుంచి వికారాబాదుకు, అనంతగిరి కొండలకు కార్లు బారులు కడతాయి. కిటికీల్లోంచి చేతులు, కొన్నిసార్లు కాళ్ళు వేలాడుతుంటాయి. ముందు పాట వస్తుంది, తరువాత కారు వస్తుంది. అడవిలో నిశ్శబ్దం కోసం వెళ్ళే మనిషి స్పీకరు ఎందుకు వెంట తీసుకుపోతాడో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

వానలు తగ్గి కొండలు ఇంకా పచ్చగా ఉండే రోజుల్లో ఈ మంద మరీ ఎక్కువ. మా అమ్మ రోడ్డు పక్కన మక్క కంకులు కాల్చేది కూడా అప్పుడే. ఒకసారి నల్ల కళ్ళద్దాలావిడ కారు దిగకుండానే అద్దం కొంచెం దించి, "ఆంటీ, ఇవి ఆర్గానికా?" అని అడిగింది.

"మీ కార్ల దుమ్ము తప్ప ఇంకేం కలపలే అమ్మా" అంది అమ్మ.

ఆవిడ ఎంతో ముచ్చటపడి అమ్మను ఫోటో తీసుకుంది. కంకి మాత్రం కొనలేదు.

కనకమామిడి వైపు ఫామ్‌హౌసులు కట్టుకున్నవాళ్ళది ఇంకో తీరు. ఉన్న చెట్లు కొట్టేస్తారు, అక్కడ చుట్టలు చుట్టి తెచ్చిన గడ్డి పరుస్తారు, గేటు మీద ప్రకృతి గురించి ఏదో రాయిస్తారు. ఆదివారం రాగానే ఆ ప్రకృతిలోంచి మేకపోతు వాసన, డీజే మోత. ఇవన్నీ నేను ఎవరితోనూ అనను. ఇంటికి కొత్తవాళ్ళు వస్తే నేను లోపలి గదిలోకి పోతాను. అక్కడ పుస్తకమో డైరీయో ముందేసుకుని, బయట అనలేని మాటలన్నీ అందులో తీరిగ్గా అంటాను.

అలాంటి నేను, పోయిన దసరాకు అనంతగిరి పోవాల్సి వచ్చింది.

మా నాయనమ్మ కోసం. ఆమెను మేము అవ్వ అంటాం. అవ్వ చెల్లెలికి చిన్న వయసులో క్షయ వచ్చింది. కొండ మీది దవాఖానలో ఆమెను చేర్చారు. అవ్వ తోడుగా ఉండిపోయింది. రాత్రంతా చెల్లెలి దగ్గు. ఆ దగ్గు ఆగినప్పుడు మాత్రమే బయట టేకు చెట్లలో గాలి వినబడేదట. ఆ చప్పుడు వస్తే చెల్లె నిద్రపోయిందని అర్థం, ఇక అవ్వ కూడా కునుకు తీయవచ్చు. చెల్లెలు బాగై ఇంటికొచ్చింది. షాబాద్‌లో కాపురం చేసి, మనవల పెళ్ళిళ్ళు కూడా చూసి, ఆ దసరాకు ముందటి ఎండాకాలం చనిపోయింది.

అప్పటి నుంచి అవ్వకు ఆ చెట్ల చప్పుడు ఇంకొకసారి వినాలని. కానీ ఆమె కుడి చెవి ఎప్పుడో పోయింది. ఎడమ చెవి కూడా ఎక్కువ రోజులు ఉండదని డాక్టరు చెప్పాడు. దానికి వినికిడి మిషన్ పెట్టారు. ఆ మిషన్‌కు మంచీ చెడూ లేదు. పక్కనున్న మనిషి మాట, దూరంగా మోగే హారన్, గిన్నె కిందపడ్డ మోత, అన్నిటినీ ఒకే తీరుగా తెచ్చి చెవిలో పోస్తుంది. జనం ఉన్నచోట అవ్వ మొహం నొప్పితో ముడుచుకుపోతుంది. అందుకని జనం లేని రోజు కావాలి. కొండ పచ్చగా ఉండాలి, ఎవరూ ఉండకూడదు. అట్లాంటి రోజును వెతకడం మా ఇంట్లో పెద్ద పని అయింది.

మా నాన్నను బాపు అంటాం. బాపు ఆటో నడుపుతాడు కాబట్టి లోకంలోని రోడ్లన్నీ తనకు తెలుసని ఆయన నమ్మకం. "సోమారం పోదాం" అన్నాడు.

"కార్తీకం షురూ అయితే సోమారం కొండ మీద గుడికి జనం ఎగబడ్తరు" అంది అమ్మ. "నా మాటిను. దసరనాడు పోండ్రి. దసరనాడు ఎవడన్న ఇల్లిడుస్తడా? పొద్దుగాల మటన్ దుకాణం, పగటీలి కడుపునిండ తినుడు, పొద్దుగూకినంక జమ్మి. దవాఖానల ఉన్నోడు కూడా లేచి ఇంటికొచ్చే దినమది."

"మనకేమో పండుగ లేదాయె" అన్నాడు బాపు మెచ్చుకోలుగా.

మేము క్రైస్తవులం. దసరా మాకు సెలవు, అంతే. సాయంత్రం పక్కింటివాళ్ళు జమ్మి ఆకు తెచ్చి చేతిలో పెడితే తీసుకుని, కౌగిలించుకుని అలాయ్ బలాయ్ చేసుకుంటాం. మా చుట్టూ ఉన్న ఇళ్ళన్నీ ఆ రోజు ఎట్లా గడుపుతాయో మాకు కళ్ళకు కట్టినట్టు తెలుసు. అందరూ అట్లాగే గడుపుతారని కూడా అనుకున్నాం.

దసరా పొద్దున రోడ్డు నిజంగానే ఖాళీగా ఉంది. కాళ్ళు వేలాడే కారు ఒక్కటి లేదు. అమ్మ ఇంటి దగ్గరే ఉండిపోయి, గెలిచినదానిలా గడపలో నిలబడి మమ్మల్ని పంపింది. చేవెళ్ళ దగ్గర కల్వర్టు కోసం రోడ్డు తవ్వి ఉంది. ఆటో పక్క నుంచి సందు చూసుకుని దూరిపోయింది. ఆ రోడ్డును ఎప్పుడూ ఎక్కడో ఒకచోట తవ్వుతూనే ఉంటారు, కాబట్టి బాపు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. "చూసినవా, మొత్తం మనదే" అంటూ పోనిచ్చాడు. అవ్వ చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుంది, ఒళ్ళో సంచి పెట్టుకుని ముందుకు చూస్తూ కూర్చుంది.

వికారాబాదు చేరేసరికి ఆటో ఆగిపోయింది. ముందు కార్లు, వెనుక కార్లు, పక్కన బైకులు. బాపు దిగి, రోడ్డు పక్కన చాయ్ అమ్మే మనిషిని అడిగాడు. "ఏందన్నా ఇది, ఇయ్యాల పండుగ గాదె?"

"పండుగకే వచ్చిండ్రు" అన్నాడాయన. "చేవెళ్ళ కాడ తవ్విండ్రు గద. ఫోన్లు అందరికీ శంకర్‌పల్లి రోడ్డు చూపిస్తున్నయి. పొద్దుగాల్నుంచి గిట్లనే. నువ్వు ఏ రోడ్డుకెల్లి వచ్చినవ్?"

బాపు తిరిగొచ్చి ఆటో ఎక్కాడు. మేము మా ఇంటి ముందు రోడ్డు చూసి కొండ ఖాళీ అనుకున్నాం. వాళ్ళు ఫోను చూసి ఇంకో రోడ్డున వచ్చారు. మటన్, జమ్మి, పెద్దలకు దండం, ఇవేవీ వాళ్ళను ఇంట్లో ఆపలేదు. పండుగను కూడా కారులో వేసుకుని వచ్చినవాళ్ళ ముందు మా అమ్మ తెలివి ఏం పనిచేస్తుంది!

కొండ మీద దవాఖాన గోడ బయట, టేకు చెట్ల కింద, అవ్వ చెప్పిన రాతి గట్టు ఇంకా ఉంది. దాని నిండా చిప్స్ ప్యాకెట్లు. పక్కనే ఒకే రంగు టీషర్టులు వేసుకున్న కుర్రవాళ్ళ గుంపు, మధ్యలో బిందె అంత స్పీకరు. దాని దెబ్బకు నా గుండెలోనే ఏదో దడదడమంటోంది. బాపు ఆటో పెట్టడానికి ఎక్కడో కిందకు పోయాడు. నేను చేత్తో ప్యాకెట్లు తోసి అవ్వను కూర్చోబెట్టాను. ఆమె కాసేపు చెట్ల వైపు చూసింది. ఆకులు ఊగుతున్నాయి, అది కనబడుతూనే ఉంది. అవ్వ చెవి మీద అరచెయ్యి పెట్టుకుంది.

"పోదాం పా బిడ్డా" అంది. "గింత దూరం వచ్చుడే ఎక్కువ. వచ్చే యేడు జూద్దాం."

వచ్చే యేడు ఆ చెవి ఉండదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

నేను లేచి ఆ గుంపు దగ్గరకు నడిచాను. కొత్తవాళ్ళతో నేను మాట్లాడను. దుకాణంలో చిల్లర తప్పు ఇచ్చినా అడగకుండా వచ్చేస్తాను. ఏమనాలో మనసులో కూడబలుక్కుంటూ వాళ్ళ ముందు నిలబడ్డాను. ఇంతలో వాళ్ళలో ఒకడు సంతోషంగా ఫోను నా చేతిలో పెట్టాడు.

"అక్కా, జర గ్రూప్ ఫోటో తీస్తవా? అందరం రావాలె."

ఫోటో తీయడానికే దేవుడు నన్ను అక్కడ నిలబెట్టాడని వాడు అనుకున్నట్టున్నాడు.

"పాట ఆపితే తీస్తా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

"ఫోటోకు పాటకు ఏం సంబంధం అక్కా?"

"పాట ఉంటే ఊగుతున్నరు. ఊగితే మసక వస్తది."

అది వాళ్ళకు చాలా సబబుగా తోచింది. "అరే ఆపురా, మసక వస్తదంట!" అని అరుచుకున్నారు. స్పీకరు ఆగింది.

తీశాను. చూసి, తల అడ్డంగా ఊపాను. "ఎర్ర టోపీ అన్న కండ్లు మూసిండు." మళ్ళీ తీశాను. "వెనక ఉన్నోళ్ళు కనిపిస్తలేరు. జర వంగుండ్రి. మాట్లాడకుండ్రి, నోళ్ళు వంకరొస్తున్నయి." వంగారు. పొట్టలు లోపలికి పీల్చుకున్నారు. ఊపిరి బిగబట్టారు. చర్చిలో కూడా అంత భక్తిగా నిలబడినవాళ్ళను నేను చూడలేదు. తమ మొహాల మీద వాళ్ళకున్న ప్రేమ ఎంత గొప్పదంటే, దాని ముందు నా సిగ్గు కూడా ఎటో పోయింది.

అప్పుడు పైన గాలి వచ్చింది. వానల్లో ముదిరి గట్టిపడిన పెద్ద పెద్ద టేకు ఆకులు ఒకదానికొకటి రాసుకుంటూ, మెల్లగా మొదలై, కొండ అంచు దాకా పోయిన చప్పుడు. ఫోను పైనుంచి చూశాను. అవ్వ చేతిని చెవి మీద నుంచి తీసేసింది. ఎడమ చెవిని చెట్ల వైపు తిప్పి కళ్ళు మూసుకుంది.

"ఇంకొకటి" అన్నాను. "కదలకుండ్రి."

"అక్కా, ఇంకెన్నక్కా? నడుములు పోతున్నయి!"

"మంచిగ రావాల్నా వద్దా?"

మంచిగా రావాలన్నారు. గాలి ఆగేదాకా నిలబడ్డారు. ఫోను తిరిగిస్తే అందరూ దాని మీదకు ఎగబడి, ఎవరి మొహం వాళ్ళు పెద్దది చేసుకుని చూసుకున్నారు. వెంటనే పాట మళ్ళీ మొదలైంది. వాళ్ళ తలల పైన ఏం జరిగిందో ఒక్కరికీ తెలియదు.

ఆటోలో కూర్చున్నాక అవ్వ మిషన్ తీసి కొంగున ముడివేసుకుంది. నేను ఆమె ఎడమ చెవి దగ్గరకు వంగి, "ఇనవడ్డదా అవ్వా?" అని అరిచాను.

"ఇనవడ్డది. మా చెల్లె పండుకున్నది" అంది అవ్వ.

కార్ల మధ్య ఆటో అంగుళం అంగుళం జరుగుతోంది. బాపు హారన్లను, శంకర్‌పల్లి రోడ్డును, ఫోన్లను కలిపి తిడుతున్నాడు. చాలాసేపటికి అవ్వ నా మోకాలు తట్టింది.

"అవునే, ఆ పోరగాండ్లు గంతసేపు నోర్మూసుకొని ఎట్ల నిలవడ్డరే?"

"ఫోటో కోసం అవ్వా" అని మళ్ళీ చెవి దగ్గర అరిచాను.

అవ్వ ఆటోలోంచి తల బయటపెట్టి వరుసగా ఆగి ఉన్న కార్లన్నిటినీ చూసింది.

"మరి వీళ్ళకు గూడ ఒక ఫోటో తీయరాదూ" అంది.