నెవిల్ ట్రెలోర్ చేతులు కట్టుకుంటే

నెవిల్ ట్రెలోర్‌కి ఒకే ఒక్క పిచ్చి. ఏ పెద్ద కంపెనీ జనాన్ని ఏడిపించినా దాని గుమ్మం ముందుకెళ్లి, చేతులు కట్టుకుని, మొహం మాడ్చుకుని, పేపర్లో ఫోటో వేయించుకోవాలి. చేతులు కట్టుకోవడమంటే వినయమనుకునేరు. ఆస్ట్రేలియాలోని ఆ చిన్న ఊరు మూంటాలో అది యుద్ధప్రకటన.

ఆ మాడు మొహం సామాన్యమైనది కాదు. కనుబొమలు రెండూ ఏదో కుట్ర పన్నుతున్నట్టు దగ్గరికొచ్చేవి. మూతి కొసలు గడ్డం దాకా జారేవి. ఆ మొహం పెడితే ఫ్రిజ్‌లో పాలు విరుగుతాయని ఊరి పెద్దవాళ్లు బంతులు దొర్లించుకునే బౌల్స్ క్లబ్బులో చెప్పుకునేవారు. అసలు కంపెనీకి మొహం ఎక్కడిది? ఫోన్ చేస్తే "మీ కాల్ మాకెంతో విలువైనది" అనే ఒక గొంతు, ఆ తర్వాత గంటసేపు పియానో. అంతే. కాబట్టి మొహం పెట్టాల్సింది జనమే. మూంటా తరఫున ఆ పని నెవిల్ చేసేవాడు.

దానితో వేగలేక సగమైపోయింది మాత్రం అతని భార్య డల్సీ.

బ్యాంకువాళ్లు ఊళ్లో ఉన్న ఒక్క శాఖనీ ఎత్తేసిన వారం ఆవిడ పేపర్ తెరిచేసరికి, దించేసిన షట్టరు, దాని ముందు మొగుడు.

"మనకు ఆ బ్యాంకులో ఖాతానే లేదు కదయ్యా!"

"అయితే?"

"అయితే ఏమిటి? కింద 'ఆగ్రహించిన ఖాతాదారు' అని వేశారు."

"ఆగ్రహం నిజమే కదా" అని నెవిల్ టోస్టు మీద ఉప్పటి వెజిమైట్ ముద్ద రాసుకున్నాడు.

ఫోన్ కంపెనీ టవర్ చచ్చి ఊరవతల పొలాలన్నీ మూగబోయినప్పుడు 'ఆగ్రహించిన గొర్రెల రైతు' అయ్యాడు. వాళ్లింట్లో ఉన్నదల్లా ఒక పిల్లి. బడి బస్సు నడిపే కంపెనీ సముద్రపు ఒడ్డు వీధికి రానని మొండికేసినప్పుడు 'ఆగ్రహించిన తండ్రి' అయ్యాడు.

"మన చిన్నదానికి నలభై దాటాయి, నెవ్! దాన్నిప్పుడు ఏ బడికి పంపుతావు?"

"చదువుకి వయసేమిటి, డల్స్?"

కరెంటు కంపెనీ గొడవప్పుడు ఏకంగా అడిలైడ్ నుంచి టీవీవాళ్లే దిగారు. మీటరు చూడకుండానే బిల్లు ఎలా వేస్తున్నారో నెవిల్ అరగంట సేపు, నీళ్లు కూడా తాగకుండా, వివరించాడు. సాయంత్రం వీధి వీధంతా టీవీల ముందు కూర్చుంది. నెవిల్ తెరమీదికొచ్చాడు. "సిగ్గుచేటు!" అన్నాడు. పోయాడు. ఆ వెంటనే పైపులో ఇరుక్కున్న పిల్లికూన, దాన్ని తీసిన మనిషి, ఆ మనిషి తల్లి, తల్లి కళ్లలో నీళ్లు, అన్నీ తీరుబడిగా చూపించారు. అక్కడితో పోయిందా? మరుసటి నెల అదే చానెల్ 'పెద్దవారిలో మలబద్ధకం' అనే కార్యక్రమానికి నెవిల్ మొహాన్నే వాడుకుంది. డల్సీ వారం పాటు, మాంసం కజ్జికాయల్లాంటి పాస్టీలతో పాటు ఊరి కబుర్లూ దొరికే పాస్టీల దుకాణం వైపు వెళ్లలేకపోయింది.

"చానెల్‌కి ఫోన్ చేశాను" అన్నాడు నెవిల్.

"ఏమన్నారు?"

"నా అభిప్రాయం వాళ్లకెంతో విలువైనదట."

ఇలా ఉండగా వాళ్ల పెళ్లికి యాభై ఏళ్లు నిండబోయాయి. యాభై ఏళ్ల జంటల ఫోటో పేపర్లో ఉచితంగా వేస్తారు. డల్సీ పట్టుబట్టింది.

"ఒక్క ఫోటో. నవ్వుతూ. నేను చచ్చేలోగా."

"నాకు నవ్వితే దవడ నొప్పి."

"నొప్పి దవడది కాదు, పళ్లది" అని ఆవిడ అతన్ని పక్క ఊరు కడీనాకి లాక్కెళ్లి కొత్త కట్టుడు పళ్లు కట్టించింది. అవి ఒక సైజు పెద్దవి. పై పెదవి లేచిపోయి, పెదవులు రెండూ కలవడం మానేశాయి. ఆ రోజు నుంచి నెవిల్ నిద్రలోనూ నవ్వుతున్నాడు. క్లబ్బు కార్యదర్శి అంత్యక్రియల్లో మొదటి వరుసలో కూర్చుని చివరి దాకా నవ్వాడు. సరిచేసే పళ్లు మెల్బోర్న్ నుంచి రావాలట. డల్సీ మాత్రం పరమానందంగా ఉంది.

సరిగ్గా అప్పుడే సూపర్‌మార్కెట్ కంపెనీ, మనిషి కూర్చునే ఆఖరి కౌంటరు కూడా తీసేస్తున్నట్టు బోర్డు పెట్టింది. ఇకమీదట సరుకు మనమే చూపించి డబ్బు కట్టుకునే మిషన్లే. డల్సీకి ఆ మిషన్లంటే ఒళ్లుమంట. ఉల్లిపాయలు పెడితే "సంచి చోట తెలియని వస్తువు ఉంది" అంటుంది. ఉల్లిపాయలు తీసేస్తే "వస్తువు తీసేశారు" అని ఊరంతా వినేలా అరుస్తుంది. ఒకసారి ఆవిడ మోచేతినే తెలియని వస్తువంది. అయినా పెళ్లిరోజు ఫోటో ఉన్న వారంలో మొగుడు వీధిన పడడం ఆవిడకి ఇష్టం లేదు.

పేపరు ఫోటోగ్రాఫర్ జసింతా ఉదయం వచ్చి తోటలో జంట ఫోటో తీసింది. నెవిల్ పళ్లు తళతళలాడాయి. ఆ తర్వాత అతను సూపర్‌మార్కెట్‌కి బయల్దేరుతుంటే డల్సీ కూడా సణుక్కుంటూ వెంట వెళ్లింది.

గుమ్మం ముందు నెవిల్ చేతులు కట్టుకున్నాడు. కనుబొమలు ముడిచాడు. జసింతా కెమెరా దించేసింది.

"నెవ్, ఇది కంపెనీ ప్రకటనలా ఉంది."

"ఇప్పుడో?"

"ఇప్పుడు చవగ్గా కోడిమాంసం దొరికినట్టుంది."

పళ్లు తీసేశాడు. బుగ్గలు లోపలికి పోయాయి. "ఇప్పుడు జాలేస్తోంది. కోపం కావాలి" అందా అమ్మాయి. "కోపం లేకపోతే ఫోటో లేదు, ఫోటో లేకపోతే వార్త లేదు. మా ఎడిటర్ ఆ జాగాలో గుమ్మడికాయల పోటీ వేసేస్తాడు."

"దేవుడున్నాడు!" అంది డల్సీ. "పద ఇంటికి. మనకెందుకీ గోల?"

ఆ మాట పక్కనే విరామానికి బయటికొచ్చిన వూలా చెవిన పడింది. వూలా ఆ ఆఖరి కౌంటరులో కూర్చునే మనిషి. ఆవిడ డల్సీని ట్రాలీల వెనక్కి లాగింది.

"డల్సీ, కౌంటరుతో పాటు నన్నూ తీసేస్తున్నారు. పేపరువాళ్లతో నోరు విప్పితే ఇవాళే పంపేస్తారు, సంతకం పెట్టించుకున్నారు. అందుకే నెవిల్‌ని అడిగాను."

"అడగడమేమిటి?"

"ఊరంతా అడుగుతుందిగా! బ్యాంకు సంగతి గ్వెండాది. చూపు ఆనక ఫోన్‌లో అంకెలు కనపడవని పేపర్లో చెప్పుకోడానికి సిగ్గుపడింది. టవర్ గొడవ గొర్రెలు పెంచే కాట్స్ వాళ్లది, వాళ్లబ్బాయి పనిచేసేది ఆ కంపెనీలోనే. బస్సు సంగతి తెచ్చిన పిల్ల ఊరికి కొత్త, మొగుడికి కనపడకుండా ఇక్కడికొచ్చి ఉంటోంది. ఎవరి మొహం చూపించలేకపోతే వాళ్లు మీ ఇంటికొస్తారు. ఆయన తన మొహం ఇస్తాడు."

డల్సీ "నాకెందుకు చెప్పలేదు?" అంది.

"ఎవరికీ చెప్పనని ఒట్టేశాడు." వూలా కాస్త నసిగింది. "అంటే... నీకు చెప్పడమంటే పాస్టీల దుకాణంలో చెప్పడమే కదా."

డల్సీ మొగుడి వైపు చూసింది. పళ్లు ఒక చేతిలో పట్టుకుని, రెండో చేత్తో మూతి కొసలు కిందికి లాక్కుంటున్నాడు. బ్యాంకు, గొర్రెలు, మలబద్ధకం, పాస్టీల దుకాణం, ఇన్నాళ్లూ తను తిట్టిన తిట్లు, ఇన్నాళ్లూ పెదవి విప్పని ఈ మొండిఘటం, అన్నీ కలిసి ఆవిడ మొహంలోకి ఎక్కాయి.

"జరుగు" అంది. మొగుణ్ని తోసేసి బోర్డు ముందు నిలబడింది. చేతులు కట్టుకుంది.

జసింతా ఒకడుగు వెనక్కి వేసింది. "అమ్మో!"

"ఏం, చాలదా?"

"కొంచెం తగ్గించగలరా? పిల్లలు కూడా చదువుతారు."

ఆ వారం పేపర్లో రెండు ఫోటోలూ వచ్చాయి. పేపరన్నాక పేపరే కదా, కింద రాతలు తారుమారయ్యాయి. తోటలో పళ్లికిలించిన నెవిల్, పక్కన మురిసిపోతున్న డల్సీ: 'ఈ దారుణం ఇక భరించలేం!' సూపర్‌మార్కెట్ ముందు నిప్పులు కురిపిస్తున్న డల్సీ: 'యాభై ఏళ్ల కాపురం: అంతా ఆనందమే.'

అది దేశమంతా తిరిగింది. సిడ్నీ టీవీలో కూడా చూపించారు, పిల్లికూన కంటే ఎక్కువసేపే. ఆ ఫోటోలో డల్సీ వెనక బోర్డు ప్రతి అక్షరమూ చదివేలా ఉంది. దేశం నవ్వింది, చదివింది, తిట్టింది. కంపెనీకి జనం అభిప్రాయం మొదటిసారి నిజంగానే విలువైనదిగా తోచింది. కౌంటరూ నిలిచింది, వూలా కుర్చీ కూడా నిలిచింది.

మెల్బోర్న్ నుంచి సరైన పళ్లు వచ్చాయి. నెవిల్ మూతి యథాస్థానానికి జారింది. ఒక సాయంత్రం ఎవరో తలుపు తట్టారు. ఆసుపత్రిలో బట్టలుతికే ఆవిడ, చేతులు నలుపుకుంటూ నిలబడి ఉంది.

"నెవిల్ ఉన్నాడా? ఒక చిన్న సంగతి..."

డల్సీ వీధికి అటూ ఇటూ చూసి, ఆవిడని లోపలికి లాగి తలుపు వేసింది.

"కూర్చో, టీ పెడతాను. పాస్టీల దుకాణంలో చెప్పనులే" అంది. "ఏ కంపెనీ?"

అప్పటికే డల్సీ చేతులు వాటంతటవే కట్టుకున్నాయి.